రెడ్‌ఫిష్‌కు తేలిక గాలం తగదు

సంపాదకులకు నమస్కారం.

టెక్సాస్ తీరంలో ఒడ్డున నిలబడి రెడ్‌ఫిష్ (రెడ్ డ్రమ్ అనే సముద్రపు చేప) పట్టడంపై మీ ప్రవాసాంధ్రుల పేజీలో వచ్చిన వ్యాసం కొత్తవారికి ఉత్సాహం కలిగించేలా ఉంది. అయితే తేలికపాటి కర్ర, సన్నని లైను (గాలపు దారం), ఐసులో పెట్టిన రొయ్యలు ఉంటే చాలునన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆగస్టు నుంచి నవంబరు వరకు గుడ్లు పెట్టడానికి పెద్ద రెడ్‌ఫిష్‌లు తీరానికి చేరువవుతాయి కనుక, ఆ నెలల్లో ఈ సలహా చేపకే ముప్పు తెస్తుంది.

రొయ్యను రెడ్‌ఫిష్ ఇష్టంగానే తింటుంది. కాని అలల్లో దానికంటే ముందే పిన్‌ఫిష్, హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్ వంటివి వచ్చి ఆ మెత్తని ఎరను కాసేపట్లోనే పీకేస్తాయి. నోరు కాస్త కిందికి తిరిగి ఉండే ఈ చేప నేలబారున పీతలను, చిన్న చేపలను వెదుక్కుంటుంది కాబట్టి, పై చిప్ప, పెద్ద కాళ్లు తీసేసి రెండుగా కోసిన నీలిపీతగాని, అదే రోజు విసురువలతో పట్టిన మల్లెట్ చేప ముక్కగాని గుచ్చి, ఇసుకమేటల మధ్య లోతుగా ఉండే పాయలో వేయడం మేలు. చిల్లర చేపలకు అంత తేలిగ్గా లొంగదు గనుక మల్లెట్ తలకాయ మీదే నాకు ఎక్కువ గురి.

ఇక కర్ర పది, పన్నెండు అడుగులుండాలి. లైను 20 నుంచి 30 పౌన్ల బరువు తట్టుకోవాలి. ప్రవాహానికి కొట్టుకుపోకుండా ఇసుకను పట్టుకునే తీగకాళ్ల గుండు కావాలి. ఇది ఆడంబరం కాదు. సన్నని లైనుతో పెద్ద చేపను చాలాసేపు అలసట పెట్టి ఒడ్డుకు లాగితే, ముఖ్యంగా నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు, వదిలిన తరువాత కూడా అది బతుకుతుందన్న నమ్మకం లేదు. 40 ఏళ్లకు పైగా బతకగల ఈ చేపలే రేపటి సంతతికి ఆధారం.

అన్నింటికంటే ముఖ్యమైనది కొక్కెం. మొన లోపలికి వంగిన సర్కిల్ హుక్కు చాలావరకు నోటి మూలలోనే పడుతుంది. చేప అందుకోగానే కర్రను విసురుగా లాగకుండా లైను బిగించి చుడితే సరిపోతుంది. గుండుకూ కొక్కేనికీ మధ్య ఉండే లైను ముక్క, అంటే లీడరు, పొడవైతే, చేపకు బరువు తెలిసేలోగా ఎర గొంతు దిగిపోతుంది. నార్త్ కరోలినాలోని పామ్లికో సౌండ్ అనే తీరపు ఉప్పునీటి సరస్సులో వేసవి నెలల్లో పెద్ద కొక్కేలకు సహజమైన ఎర వాడేవారికి ఈ దూరం 6 అంగుళాలు మించరాదన్న నిబంధన పెట్టింది ఇందుకే. టెక్సాస్‌లోనూ అందరూ తమంతట తామే దీనిని పాటించాలని నా విన్నపం.

తన జలాల్లో పట్టిన ఈ చేప అమ్మకాన్ని టెక్సాస్ 1981లోనే నిషేధించింది. రాష్ట్ర పరిధి దాటాక వచ్చే ఫెడరల్ జలాల్లో దొరికినదాన్ని నేటికీ ఉంచుకోకూడదు. టెక్సాస్‌లో 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్నవే ఇంటికి తీసుకెళ్లవచ్చు. అంతకంటే పెద్దదానికి లైసెన్సుతో వచ్చే ట్యాగు కట్టాలి. ఫ్లోరిడాలో ఆ పరిమితి 18 నుంచి 27 అంగుళాలు. ఇకపై ఇటువంటి వ్యాసాలు ప్రచురించేటప్పుడు ఆయా రాష్ట్రాల కొలతలను కూడా పక్కనే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, టెక్సాస్