కిటికీలు తెరిచి వండు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నువ్వు వండిన బీఫ్ కూర చూడ్డానికి బాగుంది కానీ ముక్క రబ్బరులా సాగిందని రాశావు. "నీకెట్లా మెత్తగా వచ్చేదమ్మా?" అని అడిగావు. నాకు కుక్కర్లో తొమ్మిది విజిళ్లకు వచ్చేది. కానీ అది నేను ఇష్టపడి పెట్టుకున్న పద్ధతి కాదు.

హనుమకొండలో మనం అద్దెకున్నప్పుడు, ఆదివారం చర్చి నుంచి రాగానే కిటికీలన్నీ మూసేదాన్ని, గుర్తుందా? పెద్దకూర వాసన బయటికి పోతే ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. అంతకుముందున్న ఇంట్లో ఒకసారి చేయించారు కూడా. నీకప్పుడు రెండేళ్లు. అందుకే అల్లం ఎల్లిగడ్డ, కారం, ముక్కలు అన్నీ ఒకేసారి వేసి కుక్కర్ మూత పెట్టేదాన్ని. ఎంత తొందరగా అయిపోతే అంత మంచిది. మీ అమ్మమ్మ వండినట్టు నీకు ఒక్కసారి కూడా వండిపెట్టలేదు.

అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద గంజు పెట్టి, మంట తగ్గించి, నిప్పుల మీద వదిలేసి ప్రార్థనకు వచ్చేది. మేము తిరిగొచ్చేసరికి వాడ మొదట్లోనే వాసన తగిలేది. ఇక్కడ ఆవులను కోయకూడదని 1977 నాటి చట్టం ఉంది కాబట్టి మనకు దొరికేది ఎక్కువగా ముదిరిన దున్న, బర్రె మాంసమే. గంజులో దాన్ని తొందరపెడితే లొంగదు.

ఇంగ్లండ్‌లో, ఆ లీడ్స్‌లో నీకు దొరికేది లేత మాంసం. కానీ నువ్వు కొన్నది రంప్ స్టీక్. అది పెనం మీద నిమిషాల్లో కాల్చుకునే ముక్క, ఉడికిస్తే ఎండిపోతుంది. ఈసారి షిన్ గానీ చక్ గానీ అడుగు. చక్ అంటే భుజం దగ్గరి మాంసం. షిన్ అంటే పిక్క కండ, తెల్లటి నరాలు కనిపిస్తాయి. వాటిని కోసి పారేయకు. క్లాసులో నేను పిల్లలకు చెప్పే కొల్లాజెన్ అదే. కుక్కర్ లేకుండా వండితే, సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంటేనే అది కరిగి జిగురై పులుసును చిక్కగా చేస్తుంది. నలభై నిమిషాలకు నువ్వు దించేశావు, అప్పటికి అది ఇంకా బిగుసుకునే ఉంటుంది.

కిలో మాంసానికి మూడు పెద్ద ఉల్లిగడ్డలు తీసుకో. ముక్కల తడి తుడిచి, ఉప్పు పట్టించి, నూనెలో కొన్ని కొన్నిగా ఎర్రగా వేయించు. అన్నీ ఒకేసారి వేస్తే నీరు ఊరి ఉడుకుతాయి, వేగవు. వాటిని తీసి, అదే గిన్నెలో ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ, దంచిన మిర్యాలు, రెండు చెంచాల టమాట పేస్ట్ వేయించు. కొంచెం వేడినీళ్లు పోసి అడుగంటిన ఎర్రటి మాడును గీకు. రుచంతా అందులోనే ఉంది. మాంసం మళ్లీ వేసి, మునిగేంత నీళ్లు పోసి, మూత పెట్టు. తెర్ల కాగొద్దు, పైన ఒక్కో బుడగ లేస్తే చాలు. రెండు గంటలయ్యాక ఆలుగడ్డ, క్యారెట్ వెయ్యి. ముందే వేస్తే చితికిపోతాయి. ఇంకో గంటకు చెంచాతో నొక్కితే ముక్క విడిపోవాలి. విడిపోకపోతే ఇంకో అరగంట ఉంచు, కంగారు పడకు.

దొరికితే ఒక నల్లి బొక్క కూడా వెయ్యి. మూలుగ నువ్వే తిను.

నీ గదిలో కిటికీ ఉంది కదా, తెరిచే ఉంచు. వాసన ఎంత దూరం పోతే అంత దూరం పోనీ. మూడు గంటలూ అక్కడే కూర్చుని చదువుకో. పక్కగది అమ్మాయి ఏం వండుతున్నావని అడిగితే పేరు పెట్టి చెప్పు, పెద్దకూర అని. తింటానంటే ఇంకో రెండు ఆలుగడ్డలు ఎక్కువ వెయ్యి.

మిగిలింది చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాటికి ఇంకా బాగుంటుంది. పొద్దున బ్రెడ్‌తో తిని, ఎట్లా ఉందో ఫోన్ చెయ్యి. నేను బడికి బయల్దేరేలోపే చెయ్యి.

అమ్మ