మరమ్మతు మాన్యువళ్లు మెకానిక్ చేతికి అందేలా ఉండాలి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రభుత్వ గ్యారేజీలకు వాహనాలతో పాటు వచ్చే వర్క్‌షాప్ మాన్యువళ్ల విషయమై ఒక మెకానిక్‌గా ఈ లేఖ రాస్తున్నాను. వందల పేజీలుండే ఈ పుస్తకాల్లో సమాచారానికి కొరత లేదు. అవసరమైన పేజీ పని జరిగే వేళకు దొరకకపోవడమే మా ఇబ్బంది.

ఇంజిన్ సిలిండర్లను పైనుంచి మూసే సిలిండర్ హెడ్‌ను బిగించే పనినే చూడండి. హెడ్ బోల్టులను సాధారణంగా మధ్య నుంచి అంచులకు, మాన్యువల్ చెప్పిన వరుసలో, దశలవారీగా బిగించాలి. చాలా ఇంజిన్లలో టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, కొలిచే టార్క్ రెంచ్‌తో నిర్ణీత విలువ దాకా బిగించిన తర్వాత, మళ్లీ 90 డిగ్రీల వంటి కోణం మేరకు తిప్పాలి. అలా బిగించినప్పుడు సాగే రకం బోల్టులైతే విప్పిన వాటిని తిరిగి వాడకూడదు. వరుస ఒక అధ్యాయంలో, టార్క్ విలువ చివరి పట్టికలో, బోల్టులు మార్చాలన్న హెచ్చరిక మరెక్కడో ఉంటే, చేతులు గ్రీజుతో నిండిన మనిషి గుర్తున్న అంకెతోనే పని కానిచ్చేస్తాడు. బిగింపు తక్కువైతే హెడ్ కింద సీలుగా ఉండే గ్యాస్కెట్ దగ్గర లీకవుతుంది, ఎక్కువైతే థ్రెడ్ పోతుంది. ఆ నష్టాన్ని అతని అజాగ్రత్త కిందే జమకట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కాబట్టి లావుపాటి బైండు పుస్తకానికి బదులుగా ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగ్, ఎలక్ట్రికల్ భాగాలను వేర్వేరు రింగ్ ఫైళ్లుగా ఇప్పించండి. అప్పుడు కావలసిన నాలుగు కాగితాలనే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బండి దగ్గరికి తీసుకెళ్లవచ్చు. వైరింగ్ డయాగ్రమ్‌లు తప్పనిసరిగా విడి షీట్లుగా ఉండాలి, ఎందుకంటే రెండు పేజీల మీద పరిచి అచ్చేసిన బొమ్మలో వైరు గీత బైండింగ్ మడతలోకి వెళ్లి, అవతలి పేజీలో ఏ గీతగా తేలిందో తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది సూచిక. బండి లోపాలను కోడ్‌లుగా చూపే స్కానర్‌లో పీ0301 అని వస్తే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) అని అర్థమే కానీ, ఏ భాగం చెడిందో ఆ కోడ్ చెప్పదు. ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మాన్యువల్ మాత్రం భాగాల వారీగా ఉంటుంది కనుక ఒక్క కోడ్ కోసం ఎన్నో చోట్ల వెతకాలి. ప్రతి కోడ్‌కూ, ప్రతి లక్షణానికీ ఎదురుగా ఏ పరీక్ష ముందు చేయాలో, అది ఏ పేజీలో ఉందో చూపే సూచిక ఉంటే మంచి కాయిల్‌ను అనుమానంతో మార్చే ఖర్చు తప్పుతుంది. కంప్యూటర్ ప్రతులు కూడా పదం కొట్టి వెతకడానికి వీలుగా ఉండాలి. పేజీలను ఉత్త ఫొటోలుగా స్కాన్ చేసి ఇస్తే ఆ వీలుండదు.

సవరణ పేజీ వచ్చినప్పుడు దాని మీద తేదీతో పాటు, ఏ ఛాసిస్ నంబరు నుంచి ఆ మార్పు వర్తిస్తుందో ముద్రించాలి. లేకపోతే పాత బండికి కొత్త కొలత వాడే ప్రమాదం ఉంది.

ఈ అంశాలను కొత్త వాహనాల కొనుగోలు టెండరు షరతుల్లో చేర్పించవలసిందిగా కోరుతున్నాను. ముసాయిదా రాసే ముందు అధికారులు గ్యారేజీ మెకానిక్‌లను పిలిచి, ఒక మాన్యువల్‌ను ముందు పెట్టి అడిగితే, ఏ పేజీలు ఎక్కువగా నలిగాయో వారే చూపించగలరు.

భవదీయుడు,
ఒక గ్యారేజీ మెకానిక్