బావా, ఆ 1,497 రూపాయల సంగతి

ఉండి,
కార్తీక సోమవారం

బావా,

చెల్లెమ్మా పిల్లలూ కులాసా అని తలుస్తాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "చెరువు ఎలా ఉందిరా" అని అడగడం, నేను "పర్లేదు" అని మాట మార్చేయడం రెండు నెలలుగా జరుగుతోంది. పర్లేదు కాదు బావా. పోయింది. ఫోనులో చెప్పబోతే గొంతు పూడుకుపోతోంది, అందుకే అమ్మ దీపం పెట్టి వచ్చాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కాలవ అవతలి ఎకరంన్నర చెరువు గుర్తుందిగా, సంక్రాంతికి వచ్చినప్పుడు గట్టు మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు కాల్చుకు తిన్నామే, అదే. జూలైలో 2 లక్షల వనామీ రొయ్య పిల్ల వదిలాను. 70 రోజులకి 65 కౌంటు పడింది, అంటే కిలోకి 65 రొయ్యలు. మేత బాగా లాగుతోంది, మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే రొయ్య టపటపా కొట్టుకునేది. ఇంకో మూడు వారాలు ఆగితే 50 కౌంటు, పట్టుబడి పెట్టుకుందాం అనుకున్నాం.

రొయ్యకి రాత్రి గండమని నీకు తెలిసిందే. పగలు ఎండకి నీళ్లలో పాచి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే పాచి, రొయ్య, అడుగు బురద అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ని పీల్చేస్తాయి. తెల్లవారుజామున మూడింటి నుంచి అయిదింటి దాకా చూసుకోవాలి. ముసురు పట్టి పగలు ఎండ లేకపోతే ఇంకా ప్రమాదం. అందుకేగా జూన్‌లో ఆ పరికరం కొన్నది. నీళ్లలో వేలాడదీసే సెన్సారు, గట్టు మీద పెట్టె, ఫోనులో యాప్. నెలకి 499. ఆక్సిజన్ 4 కన్నా దిగితే ఫోను సైరన్‌లా మోగుతుందని చెప్పారు. అమ్మడానికి వచ్చిన కుర్రాడు మన మేత కొట్టు గోడ మీద పోస్టరు కూడా అంటించి వెళ్లాడు. దాని మీద ఉన్న మాట ఇది: "రైతన్నా, రాత్రి హాయిగా నిద్రపో."

సెప్టెంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రి కాపలా కుర్రాడు ఒంటిగంటకి యాప్ చూశాడు, 5.1 ఉంది. మూడింటికి చూశాడు, 5.1. బాగానే ఉందని, నీళ్లు చిలికి గాలి కలిపే ఆరు ఏరేటర్లలో రెండే తిప్పాడు. నిజానికి ఆ 5.1 రాత్రి పదకొండింటి లెక్క. వాళ్ల సర్వరు ఏదో మరమ్మతుకి ఆగిపోయి, పాత అంకెనే తెర మీద అలాగే ఉంచేసింది. సైరన్ మోగలేదు. అయిదింటికి నేను వెళ్లేసరికి రొయ్య గట్టు వారలకి వచ్చి తేలి ఉంది. ఆక్సిజన్ మాత్రలు చల్లాం, ఆరూ తిప్పాం. ఏం లాభం? సగానికి పైగా అడుగున పడిపోయింది. మిగిలినది ఆ పూటే పట్టేసి అడిగిన రేటుకి ఇచ్చేశాం. పెట్టుబడి లెక్కలోనే నాలుగు లక్షల పైచిలుకు పోయింది. ఆ కుర్రాడు నాలుగు రోజులు అన్నం ముట్టలేదు బావా, తన వల్లే పోయిందని. వాడిది తప్పెలా అవుతుంది చెప్పు.

కంపెనీకి రాశాను. తేదీలు, యాప్ ఫోటోలు, మేత బిల్లులు అన్నీ పెట్టాను. పన్నెండు రోజులకి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. "మీరు అంగీకరించిన నిబంధనల ప్రకారం మా బాధ్యత గత మూడు నెలల్లో మీరు కట్టిన రుసుముకి మించదు" అని, చివర్న అంకె: 1,497 రూపాయలు. దాన్ని కూడా నగదుగా ఇవ్వరట, వచ్చే నెలల చందాలో సర్దుతారట.

ఆ రాత్రి మొదటిసారి ఆ నిబంధనల పేజీ తెరిచాను. అంతా ఇంగ్లీషు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రాత్రులు చదివాను. సేవ "ఉన్నది ఉన్నట్టు" ఇస్తారట, ఆగకుండా పనిచేస్తుందని హామీ లేదట. తగువొస్తే వాళ్ల ఊళ్లో, వాళ్లు నియమించే మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలట. వీటన్నిటినీ మించిన వాక్యం ఒకటుంది. "ఈ యాప్ చూపే అంకెల మీద ఆధారపడి వినియోగదారుడు ఏ నిర్ణయమూ తీసుకోకూడదు." గోడ మీద హాయిగా నిద్రపొమ్మన్న వాళ్లు, లోపల పేజీలో దీన్ని నమ్మి నిద్రపోవద్దని రాసుకున్నారు. గోడ మీది మాట తెలుగులో జానెడు అక్షరాలతో ఉంది. లోపలి మాట ఇంగ్లీషులో, మినప గింజంత అక్షరాలతో ఉంది.

ఈ చెరువు లీజు కాగితం రాయించిన రోజు గుర్తొచ్చింది. మా నాన్న, భూమి ఆసామీ, ఇద్దరు సాక్షులు, దస్తావేజు లేఖరి. ఆయన ఒక్కో వాక్యం పైకి చదివి ఆగేవాడు. గట్టు తెగితే బాగు చేసే ఖర్చు మాదే అని రాసి ఉంటే, "వరదకి తెగితే మాది కాదు" అని నాన్న అడ్డుపడ్డాడు. అరగంట వాదులాట అయింది, ఆ వాక్యం కొట్టేసి కొత్తది రాశారు. చదివి వినిపించగా విని సమ్మతించాను అని చివర్న రాస్తారు చూడు, ఆ మాటకి అర్థం అది. ఫోనులో నేను నొక్కిన "ఐ అగ్రీ"లో వినిపించిన వాళ్లు లేరు, కొట్టేయడానికి వాక్యం లేదు. ఒప్పుకోకపోతే పెట్టె పనిచేయదు, అప్పటికే పెట్టెకి డబ్బు కట్టేసి ఉన్నాను.

బాబాయి "నొక్కావుగా, ఇంకేం చేస్తావ్" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. వదిలేద్దామనే అనుకున్నాను. చెల్లి బలవంతం మీద భీమవరంలో ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. కాగితాలన్నీ చూసి, "నువ్వు సంతకం పెట్టినదల్లా చట్టం అయిపోదు నాయనా" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది.

1965లో మద్రాసు హైకోర్టులో ఒక చీర కేసు నడిచిందట. చాకిరేవు షాపులో ఇచ్చిన 220 రూపాయల కొత్త చీర పోయింది. రసీదు మీద, బట్ట పోతే ఖరీదులో 15 శాతమే ఇస్తాం అని అచ్చు వేసి ఉంది. అంటే 33 రూపాయలు. అలాంటి షరతు ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదు అని కోర్టు చెప్పింది. అలాంటి షరతుని ఒప్పుకుంటే షాపువాడు వస్తువుని జాగ్రత్తగా చూడాల్సిన పనే ఉండదుగా. నా 1,497కీ ఆ 33కీ తేడా ఏముంది బావా?

కార్ల పార్కింగు చీటీల మీద "ఓనర్స్ రిస్క్" అని ఉంటుంది చూడు. ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో 1998లో ఒకాయన కారు హోటలు మనిషికి తాళం ఇచ్చి లోపలికి వెళితే, తిరిగొచ్చేసరికి కారు దొంగల పాలైంది. హోటలు ఆ చీటీ చూపించింది. 2019లో సుప్రీంకోర్టు, వస్తువు మీ చేతికి అప్పగించాక మీ అజాగ్రత్తని చీటీ వెనక దాచుకోలేరు అని తేల్చింది. అదే ఏడాది ఇళ్లు కట్టే కంపెనీ కేసులో కూడా, కొనుక్కునేవాడికి చుక్కల గీత మీద సంతకం పెట్టడం తప్ప దారి లేనప్పుడు ఆ ఏకపక్ష షరతులు అతన్ని కట్టిపడేయవు అంది. ఈ ఆలోచనకి మూలం 1986 నాటి బ్రోజోనాథ్ గంగూలీ తీర్పని ప్లీడరు గారు చెప్పారు. బలవంతుడికీ బలహీనుడికీ మధ్య రాసుకున్న అన్యాయపు షరతు చెల్లదని సుప్రీంకోర్టు అప్పుడే అందట.

మధ్యవర్తి షరతు గురించి నేను ఎక్కువ భయపడ్డాను. అంత దూరం వెళ్లి, ఆ భాష రాక, లాడ్జీలో ఉండి ఏం వాదిస్తాను? దానికీ జవాబుంది. మధ్యవర్తిత్వం షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే ఇళ్ల కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నేను ఉండే చోటే, మన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్లలోపు వేయాలి, అంతే. 1915కి ఫోన్ చేసినా దారి చెబుతారు, మన తెలుగులోనే.

ఇంకో భయం, నేను వ్యాపారం చేస్తున్నాను కదా, వినియోగదారుణ్ణి ఎలా అవుతాను అని. కంపెనీ వాళ్లు కూడా మొదట ఆ మాటే అంటారట. అక్కడ మన రైతులే మనకి దారి వేశారు బావా. నాసిరకం విత్తనాలతో పంట పోగొట్టుకున్న ఆంధ్ర రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012లో రైతు వినియోగదారుడే అని తీర్పు వచ్చింది. బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే పని వ్యాపారం కింద రాదని చట్టంలోనే ఉంది.

నీకు దాచకుండా చెబుతున్నాను, అన్నీ మనవైపే లేవు. కొరియర్ కంపెనీ కేసొకటి 1996లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. పార్శిల్ పోతే 100 డాలర్లే ఇస్తామన్న షరతు కింద పంపినాయన సంతకం ఉంది, కోర్టు ఆ 100 డాలర్లకే ఒప్పుకుంది. వాళ్ల వకీలు తప్పకుండా దీన్నే తీసుకొస్తాడని ప్లీడరు గారు ముందే హెచ్చరించారు. కొత్త చట్టంలో "అన్యాయపు ఒప్పందం" అని విడిగా ఒక నిర్వచనం ఉంది, వినియోగదారుణ్ణి దెబ్బతీసే అసమంజస షరతుల్ని కొట్టేయమని అడగొచ్చు. కానీ ఆ అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కీ ఆ పై కమిషన్‌కే ఉంది. అందుకని మేము జిల్లాలో సేవా లోపం కిందా, పోస్టరు మాట తప్పుదోవ పట్టించే ప్రకటన కిందా వేస్తున్నాం. గెలుస్తామో లేదో ప్లీడరు గారు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ కాగితాలతో ఇంటికొస్తూ బస్సులో ఒకటే ఆలోచన. ఆ పేజీలో సగం కోర్టులో నిలబడదని ఆ కంపెనీ వకీళ్లకి తెలియదా? మా ప్లీడరు గారికి తెలిసింది వాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? కోర్టులో గెలవడం కోసం రాసింది కాదది. నాలాంటివాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపడానికి రాసింది. "నొక్కావుగా" అని బాబాయి అన్నాడే, ఆ మాట మన నోటితోనే మనకి చెప్పించడానికి రాసింది. నిరుడు రొయ్య పిల్ల అమ్మే ల్యాబు బిల్లు మీద "పిల్లకు గ్యారంటీ లేదు" అని ఉంటే, జబ్బు పిల్ల వచ్చి చెరువులు ఎత్తేసిన వాళ్లు మన వీధిలోనే నలుగురున్నారు. ఒక్కరూ అడగలేదు. బిల్లు మీద రాసి ఉందిగా అన్నారు.

అమెరికాలో ఏకంగా ఇంకా దూరం వెళ్లారు. డిస్నీ వాళ్ల ఫ్లోరిడా పార్కు దగ్గరి రెస్టారెంట్లో 2023లో ఒకావిడ, తనకి పడని పదార్థాలు ఉండకూడదని చెప్పి మరీ తిన్నారట, అలర్జీ వచ్చి చనిపోయారు. భర్త దావా వేస్తే, ఆయన 2019లో డిస్నీ సినిమాల యాప్‌ని ఉచితంగా చూడటానికి నొక్కిన "ఐ అగ్రీ"ని బయటికి తీశారు. అందులో తగువులన్నీ మధ్యవర్తి దగ్గరే అని ఉందట, కాబట్టి భార్య చావు గురించి కూడా కోర్టుకి రాకూడదట. జనం ఛీ అన్నాక 2024 ఆగస్టులో ఆ వాదన వెనక్కి తీసుకున్నారు. జనం అనకపోతే?

బావా, నువ్వు యాప్‌లు కట్టే చోట పనిచేస్తున్నావు. ఆ పేజీ రాసేది నువ్వు కాదని తెలుసు. లీగలు వాళ్లు పంపితే మీరు అతికిస్తారు. కానీ ఆ బటన్ ఎక్కడ పెట్టాలో, దాని పక్కన ఏ నాలుగు ముక్కలు కనపడాలో చెప్పగలిగేది మీరే. "సర్వరు ఆగితే అలారం మోగదు, రాత్రి ఒకసారి ఆక్సిజన్ మీటరుతో చూసుకోండి" అని తెలుగులో ఒక్క లైను ఉంటే ఆ కుర్రాడు మీటరు తీసేవాడు. పాత అంకెని పాత అంకె అని ఎర్రగా చూపించి ఉంటే ఆరు ఏరేటర్లూ తిరిగేవి. మీ మీటింగుల్లో ఈసారి ఆ పేజీ వచ్చినప్పుడు మన చెరువు గుర్తు చేసుకో. నిన్ను తప్పుపట్టి అనడం లేదు, అడగ్గలిగిన చనువు నీ దగ్గరే ఉంది కనక అడుగుతున్నాను.

అసలు పని ఇప్పుడు చెబుతాను. వాళ్ల పేజీ అడుగున "చివరిసారి మార్చినది" అని అక్టోబరు తేదీ ఉందని ప్లీడరు గారు పట్టుకున్నారు. నేను నొక్కింది జూన్‌లో. చెరువు పోయింది సెప్టెంబరులో. అంకెల మీద ఆధారపడకూడదన్న ఆ వాక్యం జూన్ పేజీలో ఉందా, నా ఉత్తరం అందాక చేర్చారా? ఇంటర్నెట్లో పాత పేజీల్ని తేదీలవారీగా దాచే వేబ్యాక్ మెషీన్ ఉంటుందని నువ్వే ఒకసారి చూపించావు. అందులో వెతుకు. దొరికితే తేదీ, అడ్రసు కనపడేలా ప్రింటు తీయించు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జత చేయాలట, నమూనా దీనితో పంపుతున్నాను, సంతకం పెట్టే ముందు మొత్తం చదువు. నీ ఫోనులో కూడా జూన్‌లో నేను పంపిన యాప్ ఫోటోలు ఉండాలి, చెరిపేయకు.

వచ్చే 18న ఫిర్యాదు వేస్తున్నాం. ఆ లోపు అందేలా స్పీడు పోస్టులో పంపు.

నీ
బావ