చార్మినార్ దర్వాజా ఎప్పుడయింది?

సంపాదకులకు నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో వీడియో గేముల్లో కనిపించే ప్రపంచ ప్రసిద్ధ కట్టడాల గురించి వచ్చిన వ్యాసాన్ని చదివాను. వెంటనే రాయకపోవడానికి కారణం కోపం రాకపోవడం కాదు. ఆటను కళ్లారా చూడకుండా దాని గురించి మాట్లాడకూడదని, మా మనవడు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చేదాకా ఆగాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చరిత్ర చెప్పినవాడికి ఆపాటి ఓపిక ఉంటుంది. వ్యాసకర్తకు అదీ ఉన్నట్టు లేదు.

'మన చార్మినార్‌కు అంతర్జాతీయ గౌరవం' అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టారు. నిన్నగాక మొన్న జరిగిన ముచ్చటేమో అనుకుని ఆత్రంగా చదివితే, తేలింది 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3' అనే ఆటకు అనుబంధంగా 2007లో వచ్చిన 'ది ఏషియన్ డైనస్టీస్' సంగతి. దానికి కొత్త మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసి కూడా ఏళ్లు గడిచాయి. సరే, ఆలస్యమైనా మంచి వార్తే అనుకుందాం. అయితే బొమ్మ కింద 'చార్మినార్ గేట్' అని అచ్చువేసి, వ్యాసంలో దాన్ని 'నగర ప్రవేశ ద్వారం' అని తెలుగు కూడా చేసిన ఘనత ఎవరిది? ఆట తయారుచేసినవారు ఎక్కడో అమెరికాలో కూర్చుని ఆ పేరు పెట్టారంటే వారికి తెలియదనుకుని సర్దుకోవచ్చు. హైదరాబాదులో అచ్చయ్యే పత్రికలో, చార్మినార్‌కు ఆటోలో వెళ్లిరాగల దూరంలో కూర్చున్న ఉపసంపాదకుడి కలం కిందికి వచ్చిన ఆ మాట ఎలా దాటిపోయింది?

చార్మినార్ ద్వారం కాదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కొత్త నగరానికి నడిబొడ్డున కట్టించిన కట్టడం అది. పై అంతస్తులో మసీదు ఉంది, పైకి చేరడానికి 149 మెట్లు ఉన్నాయి, నాలుగు వైపులా నాలుగు కమాన్లు తెరిచే ఉంటాయి. వాటికి తలుపులు లేవు, మూయడానికి గడియా లేదు. ప్లేగు తగ్గినందుకు కట్టించారని జనం చెప్పుకుంటారు. దాన్ని ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. కానీ అది కోట గుమ్మమని ఏ పక్షం వారూ అనలేదు. ద్వారాల వంటివే కావాలంటే నాలుగడుగులు ఉత్తరానికి నడిస్తే గుల్జార్ హౌజ్ చుట్టూ చార్‌కమాన్ ఉంది. అసలు సిసలు నగర ద్వారాలు కావాలంటే పాత ప్రాకారానికి మిగిలిన దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా ఇంకా నిలిచే ఉన్నాయి. వాటిని ఏ ఆటలోనూ పెట్టలేదు కాబట్టి కాబోలు, వాటి గురించి మీ పత్రికలో ఒక్క ముక్క కూడా రాదు.

పేరుతోనే పోతే ఇంత ఉత్తరం రాసేవాడిని కాదు. ఆ ఆటలో చార్మినార్ చేత చేయించే పని చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఆసియా రాజ్యాల్లో ఒకదాన్ని ఎంచుకుని ఆడేవాడు ఒక యుగం నుంచి మరో యుగానికి వెళ్లాలంటే ఒక మహా కట్టడం కట్టాలట. భారతీయులకు అలాంటివి ఐదు ఇచ్చారు: ఆగ్రా కోట, తాజ్‌మహల్, చిత్తోడ్ విజయస్తంభం, రాజస్థాన్‌లోని కర్ణిమాత గుడి, చార్మినార్. దక్షిణాది మొత్తానికి కలిపి ఒక్కటి. హంపీ లేదు, తంజావూరు లేదు, రామప్ప సంగతి సరేసరి. రాజధాని ఢిల్లీ. కంప్యూటరు తరఫున భారతీయులను నడిపించే నాయకుడు అక్బరు చక్రవర్తి.

మనవడు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి నాకు ఆడి చూపించాడు. చీమల్లాంటి నలుగురైదుగురు పనివాళ్లు ఒకచోట చేరి టకటకా కొడుతూ ఉండగా, మా ఆవిడ తెచ్చి పెట్టిన టీ చల్లారకముందే నాలుగు మినార్లూ లేచి నిలబడ్డాయి. ముచ్చటగానే ఉందని ఒప్పుకుంటాను. కళ్లజోడు సవరించుకుని, మెడ చాచి దగ్గరగా చూశాను కూడా. ఇంతలో దాని పక్కకు ఒక సైనికుడు వచ్చి నిలబడ్డాడు. వాడి పేరేమిటని అడిగితే మనవడు "మన్సబ్‌దారు, తాతయ్యా. వీడు దగ్గరుంటే వీడి కోవ సిపాయిలకు బలం పెరుగుతుంది. చార్మినార్ కడితేనే వీడు దొరుకుతాడు" అన్నాడు.

మన్సబ్‌దారీ మొగలుల కొలువు పద్ధతి, అక్బరు ఏర్పాటు చేసినది. కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించిన నాటికి గోల్కొండ ఏ మొగలు పాదుషాకూ తాబేదారు కాదు. ఆ తర్వాత తొంభై ఆరేళ్లకు, 1687లో, ఔరంగజేబు నెలల తరబడి గోల్కొండ కోటను ముట్టడించి లోబరచుకుని, మన తెలుగువాళ్లు రామదాసు కథలో తలచుకునే ఆ తానీషానే పట్టుకుని దౌలతాబాదు కోటలో బందీగా పెట్టించినప్పుడు, ఆ ముట్టడి నడిపిన సైన్యానికి వెన్నెముకగా ఉన్నది ఈ మన్సబ్‌దారులే. అంటే కుతుబ్ షాహీల రాజ్యాన్ని ఆరిపోయేలా చేసినవారిని, ఆ కుతుబ్ షాహీలు కట్టించిన కట్టడమే పొద్దస్తమానం కని పెంచుతోందన్నమాట! తాజ్‌మహల్‌కు మాత్రం యుద్ధాన్ని కాసేపు ఆపించే శాంతి శక్తి ఇచ్చారు. చార్మినార్‌కు దక్కింది తనను జయించినవారికి సిపాయిలను సమకూర్చే చాకిరీ. ఇదీ మీ శీర్షికలోని అంతర్జాతీయ గౌరవం.

ఆట ఆటే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని మనవడూ అడిగాడు. ఆట తయారుచేసినవాడిని నేను తప్పుపట్టడం లేదు. వాడికి చరిత్ర పరీక్ష ఏమీ లేదు. నా ఫిర్యాదంతా దాన్ని చూసి మురిసిపోయిన మన మీద. మీ వ్యాసంలోనే పారిస్ నోత్రదామ్ గురించి రాసినది చూడండి. 'అస్సాసిన్స్ క్రీడ్ యూనిటీ' అనే ఆటలో ఉన్న నమూనా ఆధారంగానే కాలిపోయిన ఆ చర్చిని తిరిగి కట్టారని నిస్సంకోచంగా రాసేశారు. 2019 ఏప్రిల్ 15న మంటలు లేచిన మర్నాటి నుంచే ఆ పుకారు పుట్టింది నిజమే. కానీ పునర్నిర్మాణానికి చేతికందిన అపూర్వమైన ఆధారం ఆట కాదు, ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు అంతకు ఏళ్ల ముందే లేజరు యంత్రాలతో ఆ కట్టడం అంగుళం అంగుళం కొలిచి పెట్టుకున్న వంద కోట్లకు పైగా బిందువుల లెక్క. ఆ పెద్దమనిషి మంటలకు కొన్ని నెలల ముందు, 2018లో కన్నుమూశాడు. ఆయన పేరు మీ వ్యాసంలో లేదు.

పైగా 2014లో వచ్చిన ఆ ఆటలో ఫ్రెంచి విప్లవకాలపు నోత్రదామ్ మీద కనిపించే శిఖరం అప్పటిది కానే కాదు. వియొలే ల్యుదుక్ అనే వాస్తుశిల్పి పంతొమ్మిదో శతాబ్దం నడుమ నిలబెట్టినది. చూసేవారికి ఆ శిఖరం లేకపోతే నోత్రదామ్ అనిపించదని, తెలిసే అలా ఉంచారు. తప్పే, కానీ తప్పని తెలిసి చేసిన తప్పు. నిజమేమిటో చెప్పగల పండితులు అక్కడ ఉన్నారు, వారి మాట వినే పత్రికలూ ఉన్నాయి కాబట్టే ఏడు సముద్రాల అవతల ఉన్న నాకు కూడా ఆ సంగతి తెలిసింది. మన్సబ్‌దారుల సంగతి ఇన్నేళ్లలో ఎవరైనా ఇక్కడ అడిగారా?

అడిగితే మాత్రం ఏమవుతుంది లెండి. నగరంలోని ఒక పాత కట్టడం ముందు యాత్రికుల కోసం పెట్టిన బోర్డు మీద ఒక సుల్తాను చేసిన పనిని అతని మనవడికి అంటగట్టారని, నేను ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడో దానికి 'తమరి విజ్ఞప్తి సంబంధిత విభాగానికి పంపబడినది' అని వచ్చింది. ఆ సంబంధిత విభాగం దాన్ని మళ్లీ మొదటి కార్యాలయానికే పంపిందని తర్వాత తెలిసింది. ఆరు నెలలు గడిచాక వెళ్లి చూస్తే బోర్డుకు కొత్త రంగు వేశారు. తప్పు కూడా అంతకు ముందుకంటే ఎంతో స్పష్టంగా, అక్షరాలు మెరిసేలా కనిపించింది. ఊళ్లో ఉన్న బోర్డే ఇలా ఉంటే, అమెరికాలో ఆట చేసేవాడు చార్మినార్ గురించి తెలుసుకోవాలని ఈ ఊరు వచ్చినా ఏం నేర్చుకుని వెళ్తాడు?

చార్మినార్ మీద మనకు ప్రేమ లేదని అనను. 2024లో రాష్ట్ర చిహ్నంలోంచి దాన్ని తీసేస్తారన్న మాట రాగానే నాయకులు దాని ఎదుటే నిలబడి నిరసన తెలిపారు. మీరూ మొదటి పేజీలో వేశారు. సిగరెట్ పెట్టె మీద, బిస్కెట్ల దుకాణం పేరులో, పెళ్లి ఫోటోల వెనుక తెరమీద ఎక్కడ చూసినా అదే. అయితే మెట్ల గోడల మీద మేకుతో పేర్లు చెక్కేవారూ మనవాళ్లే, ఆటలో దాని బొమ్మ కనిపించగానే చప్పట్లు కొట్టేవారూ మనవాళ్లే. దాన్ని ఎవరు ఎందుకు కట్టించారో ఒక పేరాలో సరిగ్గా రాయగలవారు మాత్రం పత్రికాఫీసుల్లో కూడా దొరకడం లేదు. నా చిన్నప్పుడు మీ పత్రికలో ఒక రాజు పేరు తప్పు పడితే మర్నాడే 'పొరపాటు సవరణ' అని పెట్టె కట్టి వేసేవారు. ఇప్పుడు సవరణలకు చోటు లేదు, ఎందుకంటే ఆ చోటులో స్థలాల ప్రకటనలు ఉన్నాయి.

అందుచేత నేను కోరేది చిన్న పని. వచ్చే ఆదివారం అనుబంధంలో, అదే పేజీలో, చార్మినార్ ద్వారం కాదనీ, మన్సబ్‌దారులకూ దానికీ సంబంధం లేదనీ, నోత్రదామ్‌ను ఆట చూసి కట్టలేదనీ నాలుగు వాక్యాలు వేయండి. శ్రద్ధాంజలి ప్రకటనల అడుగున, సూక్ష్మదర్శిని పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో మాత్రం వేయకండి. మా మనవడు సోమవారం హాస్టల్‌కు వెళ్లిపోతున్నాడు. ఆ కాగితం ముక్క కత్తిరించి వాడికి పోస్టులో పంపుతానని మాట ఇచ్చాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
మలక్‌పేట, హైదరాబాదు