టికెట్ కొనేముందు ట్రాన్సిట్ వీసా సంగతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో నువ్వు పంపిన మూడు టికెట్ల వివరాలూ అందాయి. మెక్సికో వీసా చేతికి వచ్చింది కాబట్టి ఇక అడ్డేమీ లేదని, మూడింటిలో చౌకైనదాన్ని రేపో మాపో కొనేస్తానని రాశావు. ఆ తొందర కాస్త ఆపుకొని ఈ ఉత్తరం చివరిదాకా చదువు. చేరవలసిన దేశం వీసా ఇచ్చినంత మాత్రాన దారిలో తగిలే దేశాలు నిన్ను ఊరికే పోనివ్వాలని లేదు. వాటి నియమాలు వాటివి; దారిలో విమానం మారడానికి అవి అడిగే వీసానే ట్రాన్సిట్ వీసా అంటారు.

"ఆగేది మూడు గంటలే, విమానాశ్రయం గుమ్మం దాటను, నాకు ట్రాన్సిట్ వీసా ఎందుకు?" అని అడిగావు. గంటల లెక్క తరవాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది, ఆ విమానాశ్రయంలో నువ్వు ఇమ్మిగ్రేషన్ దాటవలసి వస్తుందా రాదా అన్నది. దాటకుండా అంతర్జాతీయ ప్రయాణికుల ప్రాంగణంలోనే ఉండి రెండో విమానం ఎక్కగలిగితే చాలా దేశాలు వీసా అడగవు. దాటవలసి వస్తే మాత్రం, ఎంత కొద్దిసేపటికైనా, ఆ దేశంలో అడుగు పెట్టినట్టే లెక్క. కొన్ని దేశాలైతే, ప్రాంగణం విడిచిపెట్టకపోయినా ఫలానా దేశాల పాస్‌పోర్టు ఉన్నవారు వీసా తీసుకోవలసిందేనంటాయి. అందుకే నీ మూడు టికెట్లనూ విడివిడిగా చూడాలి.

డల్లాస్ మీదుగా వెళ్ళే టికెట్ సంగతి తేలిగ్గా తేలిపోతుంది. అమెరికా విమానాశ్రయాలలో అంతర్జాతీయ ప్రయాణికులు ఇమ్మిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటే లేదు. ఎవరైనా సరే వరుసలో నిలబడి, అధికారిని కలవవలసిందే; మామూలుగా పెట్టెలు తీసుకొని, కస్టమ్స్ దాటి వాటిని మళ్ళీ అప్పగించవలసి ఉంటుంది. వీసా లేకుండా దాటిపోనిచ్చే పథకం ఒకటి పూర్వం ఉండేది కానీ, దాన్ని 2003 ఆగస్టులో నిలిపివేశారు. ఇప్పుడు సీ-1 అనే ట్రాన్సిట్ వీసా కావాలి, లేదా చెల్లుబాటులో ఉన్న సందర్శకుల వీసా ఉండాలి. వీసా మినహాయింపు ఉన్న దేశాల పౌరులకు ఈఎస్‌టీఏ అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతి సరిపోతుంది. సీ-1 కోసం పడే పాట్లు సందర్శకుల వీసాకు పడే పాట్లకు ఏమీ తీసిపోవు: అదే దరఖాస్తు, అదే 185 డాలర్ల రుసుము. ఆ మాత్రం శ్రమ పడేవాడు సందర్శకుల వీసాకే దరఖాస్తు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. పక్కనే ఉన్న కెనడా ఈ విషయంలో కొంత ఉదారంగా ఉంటుంది. 48 గంటల లోపు దాటిపోయేవారికి ట్రాన్సిట్ వీసాకు రుసుము తీసుకోదు, అయితే ముందుగా దరఖాస్తు చేసి తీసుకోవడం మాత్రం తప్పదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకసారి, మాడ్రిడ్‌లో ఒకసారి విమానం మారే టికెట్ గురించి కొంచెం విపులంగా రాయాలి, ఎందుకంటే చూడడానికి నిరపాయంగా కనిపించేది ఇదే. జర్మనీ, స్పెయిన్ రెండూ షెంగెన్ ప్రాంతంలో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల కూటమిలో ఉన్నాయి. ఆ ప్రాంతంలోని 29 దేశాల మధ్య తిరిగే విమానాన్ని అక్కడివారు దేశీయ విమానంగానే చూస్తారు. కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మాడ్రిడ్ విమానం ఎక్కాలంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమ్మిగ్రేషన్ దాటి షెంగెన్‌లోకి ప్రవేశించాలి, మాడ్రిడ్‌లో మళ్ళీ బయటికి వెళ్ళే తనిఖీ దాటాలి. విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా, అంటే 'ఏ' (A) రకం వీసా, ఇక్కడ పనికిరాదు. అది ప్రాంగణంలో ఉండడానికే కానీ లోపలికి ప్రవేశించడానికి కాదు. నీకు కావలసింది 'సీ' (C) రకం స్వల్పకాలిక వీసా. అదే టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాత్రమే మారి నేరుగా మెక్సికోకు వెళ్ళేదైతే లెక్క పూర్తిగా మారిపోయేది.

ఒక్క షెంగెన్ విమానాశ్రయంలోనే మారేవారికీ ఒక మెలిక ఉంది. ట్రాన్సిట్ వీసా తప్పనిసరి అయిన 12 దేశాల జాబితా ఒకటి షెంగెన్ అంతటికీ ఉమ్మడిగా ఉంది. దాని మీద సభ్యదేశాలు విడివిడిగా మరికొన్ని దేశాలను చేర్చుకోవచ్చు, తాము చేర్చినవాటిని తీసేయవచ్చు. అందువల్ల ఒకే పాస్‌పోర్టుకు ఒక నగరంలో వీసా అవసరం పడి, రెండు గంటల దూరంలో ఉన్న మరో నగరంలో పడకపోవచ్చు. మొన్నటి జాబితాను నమ్ముకొని రేపు ప్రయాణం చేయడం ప్రమాదకరం. అయితే అమెరికా, కెనడా, జపాన్ వీసాలలో ఏదైనా చెల్లుబాటులో ఉంటే ఈ విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఆ వీసా వెళ్ళేనాడే కాక, మెక్సికో నుంచి తిరిగి వచ్చేనాడు కూడా చెల్లుతూ ఉండాలన్నది గుర్తుంచుకో.

ఇక నువ్వు మనసు పడ్డ చౌక టికెట్. అది నిజానికి రెండు టికెట్లు. పీఎన్‌ఆర్‌లు రెండు, విమాన సంస్థలు రెండు. మొదటి విమానం హీత్రోలో దిగుతుంది, రెండోది గాట్విక్‌లో ఎక్కాలి. రెండూ లండన్ విమానాశ్రయాలే కానీ ఒకదాని నుంచి ఇంకొకదానికి రోడ్డు మీద వెళ్ళాలి, అంటే బ్రిటన్ సరిహద్దు దాటాలి. ప్రాంగణం లోపలే ఉండేవారికిచ్చే డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా దీనికి చెల్లదు. సరిహద్దు దాటి 48 గంటలలోగా వెళ్ళిపోయేవారి కోసం మరో రకం వీసా ఉంది, అది తీసుకోవాలి. విమానాశ్రయం మారకపోయినా, విడివిడి టికెట్లంటే నాకు భయమే. మొదటి సంస్థ నీ పెట్టెను చివరిదాకా పంపే బాధ్యత తీసుకోకపోతే, అది బెల్టు మీదికి వస్తుంది, బెల్టు ఇమ్మిగ్రేషన్‌కు అవతల ఉంటుంది, నీకు అక్కడికి వెళ్ళే అనుమతి ఉండదు. కౌంటర్‌లో పెట్టెకు కట్టే ట్యాగు మీద మూడక్షరాల కోడ్ పెద్దగా అచ్చై ఉంటుంది. మెక్సికో నగరానిది ఎంఈఎక్స్. అక్కడ ఎల్‌హెచ్‌ఆర్ అని ఉంటే, నీ పెట్టె ప్రయాణం హీత్రోతో సరి.

ఇవన్నీ నిర్ధారించుకోవడానికి అన్నిటికంటే ముందు నమ్మదగినది టైమాటిక్. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ నడిపే ఈ సమాచార నిధినే విమాన సంస్థల చెక్-ఇన్ సిబ్బంది చూస్తారు. నీ పౌరసత్వం, పాస్‌పోర్టు రకం, నివాస దేశం, మధ్యలో ఆగే చోట్లు, చేరవలసిన చోటు, దగ్గరున్న ఇతర వీసాలు ఇస్తే, ఏం కావాలో చెబుతుంది. కౌంటర్‌లో నిన్ను ఆపేది కూడా దాదాపుగా దీన్ని చూసే. వాళ్ళు కఠినంగా ఉండడానికి కారణం లేకపోలేదు: సరైన పత్రాలు లేని ప్రయాణికుడిని తెచ్చినందుకు విమాన సంస్థ మీద బ్రిటన్ 2,000 పౌండ్ల జరిమానా విధిస్తుంది, ఐరోపా సమాఖ్య ఆదేశం ప్రకారం సభ్యదేశాలు విధించే జరిమానా గరిష్ఠ మొత్తం 5,000 యూరోలకు తగ్గకుండా, లేదా కనీస మొత్తం 3,000 యూరోలకు తగ్గకుండా ఉండాలి. ఇక వెనక్కి తీసుకుపోయే ఖర్చు సరేసరి. అందుకే కౌంటర్‌లోని అమ్మాయి నీ వాదన వినదు, తెరమీద కనిపించేదే వింటుంది.

టైమాటిక్ చూశాక, మధ్యలో వచ్చే దేశపు రాయబార కార్యాలయం లేదా ఇమ్మిగ్రేషన్ శాఖ అధికారిక సమాచారంతో సరిపోల్చుకో. రెండూ ఒకటి కాకపోతే విమాన సంస్థకు రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకొని, ఆ కాగితం దగ్గర ఉంచుకో. టికెట్లు అమ్మే ఏజెంటు "ఏం ఫరవాలేదండీ" అన్నాడని రాశావు. ఆ మాట బోర్డింగ్ పాస్ అచ్చు వేయదు. ఇంకో చిన్న సంగతి: విమానం నంబరు మారకుండా మధ్యలో ఒకచోట దిగి మళ్ళీ ఎగిరే సర్వీసులు కూడా ఉంటాయి. టికెట్ మీద ఆ మజిలీ చిన్న అక్షరాలలో ఉంటుంది, దాన్నీ ట్రాన్సిట్ చోటుగానే లెక్కపెట్టి అడుగు.

నా మాట వింటావా, ఒకే టికెట్ మీద, ఒకే చోట మారే దారి వెతుకు. ఇస్తాంబుల్ మీదుగా మెక్సికో నగరానికి విమానాలున్నాయి, ప్రాంగణం దాటనక్కరలేదు, డబ్బు కొంచెం ఎక్కువైతే కావచ్చు. అన్నట్టు, నువ్వు పంపిన వివరాలలో తిరుగు ప్రయాణం ఎక్కడా లేదు. ఆ తేదీలూ, దారీ, నీ దగ్గర ఇంకా చెల్లుతున్న వీసాలేమిటో, వాటి గడువు తేదీలతో సహా వెంటనే రాసి పంపు. అవి చూసేదాకా డబ్బు కట్టకు.

నీ మిత్రుడు