గరుకు అక్షరాలు వద్దనను, చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఏ ప్యాకెట్ చూసినా, ఏ బోర్డు చూసినా బ్రాండ్ పేరు లావుపాటి అక్షరాల్లో, వాటి నిండా గీతలు, చుక్కలు, పొడి కుంచెతో రుద్దినట్టు మరకలు. నాకు ఈ పద్ధతి ఇష్టమే, నున్నటి అక్షరాల మధ్య చేతిపని కనిపిస్తే చూపు అక్కడే ఆగుతుంది. కానీ వాడుతున్న తీరు చూస్తే మాత్రం చాలా బాధగా ఉంది.

ఈ గరుకుదనం మొదట్లో ఎవరూ కావాలని తెచ్చింది కాదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ అచ్చుకు వాడే చెక్క అక్షరాలను యంత్రంతో పెద్ద సంఖ్యలో తయారుచేయడం మొదలుపెట్టాక పోస్టర్లలో భారీ అక్షరాలు మామూలైపోయాయి. వాడగా వాడగా ఆ చెక్క అరిగేది, అంచులు చితికేవి, ఇంకు పట్టని చోట తెల్లగా మిగిలేది. ప్రతి మచ్చకూ ఒక కారణం ఉండేది. ఇప్పుడు గరుకు ఫాంట్ ఒకటి కొని పేరు టైప్ చేసేస్తున్నారు, దాంతో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండింటి మీదా అదే చోట అదే గీత కనిపిస్తుంది, చేత్తో చేసింది కాదని ఇట్టే తెలిసిపోతుంది. ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, వాటంతటవే మారేలా చేసే వీలు ఓపెన్‌టైప్ అనే ఫార్మాట్‌లో వచ్చే ఫాంట్లలో ఎప్పటినుంచో ఉంది. అది కూడా వాడుకోరు.

అసలు ఇబ్బంది చదవడంలో వస్తోంది. లావు గీత మధ్యలో ఎంత గరుకు పెట్టినా ఫరవాలేదు, అంచులు తినేసినా అక్షరం లోపలి ఖాళీలు పూడిపోయినా పేరే మారిపోతుంది. మన లిపిలో తలకట్టు, దీర్ఘం, కింద చిన్నగా వచ్చే వత్తు, అన్నీ సన్నటివే, మచ్చల దెబ్బకు ముందు పోయేవి అవే. పెద్ద బోర్డు మీద బాగున్న డిజైన్‌ను 16 పిక్సెళ్ళ ఐకాన్‌గా కుదిస్తే మిగిలేది మురికి. స్టిక్కర్ కోసే మిషన్‌కి ఇస్తే ఆ వందల చుక్కలు ఊడివస్తాయి, ఎంబ్రాయిడరీలో అయితే అసలు రావు. పైగా తెల్లమచ్చలు ఎక్కువైతే అక్షరం రంగు పలచబడుతుంది. వెబ్‌లో పెద్ద అక్షరాలకు కనీసం 3:1, చిన్నవాటికి 4.5:1 కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగులో తేడా, ఉండాలని, వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతాయి. లోగోలకు మినహాయింపు ఉన్న మాట నిజమే, అయినా చూపు తక్కువున్నవాళ్ళు కూడా ఆ పేరు చదవాలి కదా!

డిజైన్ చేయించే సంస్థలను నేను అడిగేది ఇంతే. నిజంగా కాగితం మీద, చెక్క మీద, లినో (చెక్కి అచ్చు వేసే మెత్తటి షీటు) మీద చేసి స్కాన్ చేయించండి. చిన్న సైజుకి మచ్చల్లేని రెండో రూపం ముందే గీయించి పెట్టుకోండి. మందు మోతాదు, గడువు తేదీ, హెచ్చరికలు, ఆస్పత్రి బోర్డులు, వీటి జోలికి మాత్రం ఈ గరుకుని రానివ్వకండి, అక్కడ ఒక్క అంకె తప్పు చదివినా ప్రాణం మీదికి వస్తుంది.

– ఒక పాఠకురాలు