అమ్మడూ, ఆ క్లిక్కర్లు అప్పుడే తిప్పకు

అమ్మడూ,

బెంగుళూరు చేరావని నీ మెసేజ్ చూశాకే నాకు ప్రాణం కుదుటపడింది. ఫోన్లో "బండి ఫ్రంట్ మీద నమ్మకం కుదరట్లేదు నాన్నా, సస్పెన్షన్ మార్పించేస్తా" అన్నావు కదా, కొంచెం ఆగు. ఆ క్లిక్కర్లు, అదే సస్పెన్షన్ సెట్టింగ్ తిప్పే మరలు, అప్పుడే ముట్టుకోకు.

ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో రెండు సెషన్లు నేను స్ట్రెయిట్ చివర, మొదటి మలుపు సి1కి ముందు నువ్వు బ్రేక్ పట్టే చోటునే చూస్తూ కూర్చున్నా. మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయున్నాయి, ఒళ్ళు బరువంతా హ్యాండిల్ మీదే. లంచ్‌కి గ్లవ్స్ తీసినప్పుడు చూశా, రెండు అరచేతుల్లోనూ బొటనవేలి కింద బొబ్బలు. బండిని చేతులతో మోస్తున్నావు తల్లీ. బ్రేక్ పట్టేటప్పుడు మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా నొక్కి పట్టుకో, ఆ బరువు తొడలు మోయాలి, మోచేతులు కాస్త వంగి వదులుగా ఉండాలి. నువ్వు హ్యాండిల్‌ని బిగబట్టావంటే చిన్న గతుకొచ్చినా ఆ కుదుపు నీ చేతుల దాకా వచ్చి మళ్ళీ టైరుకే పోద్ది, నీకేమో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ బాలేదనిపిస్తది.

ఇంకోటి గాలి. పొద్దున బంకులో కొట్టించుకొచ్చావు, సాయంత్రం దాకా మళ్ళీ చూళ్ళేదు. మన మద్రాసు ఎండకి, ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద నాలుగు ల్యాపులు కొట్టేసరికి టైరు వేడెక్కి ప్రెషర్ పెరిగిపోద్ది, పెరిగేకొద్దీ టైరు నేలకి ఆనే భాగం తగ్గుద్ది. పిట్‌లోకి రాగానే హెల్మెట్ కూడా తీయకుండా గేజ్ పెట్టు, అదే అసలు నంబరు. ఎంత ఉండాలో నీ టైరు కంపెనీ ట్రాక్‌కని ఇచ్చిన లెక్క చూస్కో, వాట్సాప్ గ్రూపులో చెప్పేది కాదు. తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ రోడ్డు ప్రెషర్ కొట్టించాలి, హైవే మీద 300 కిలోమీటర్లు పోవాలి నువ్వు.

ఈ రెండూ అయ్యాక సాగ్ కొలుద్దాం, అంటే నీ బరువుకి సస్పెన్షన్ ఎంత దిగుద్దో. ఫోర్క్ గొట్టానికి జిప్ టై కట్టి, నువ్వు సూట్ వేసుకుని కూర్చుంటే, చక్రం గాల్లో ఉన్నప్పటి కంటే 30-35 మి.మీ. దిగాలి. నువ్వు 50 కిలోలు కూడా లేవు, అంత దిగదనే నా అనుమానం, అప్పుడు ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే బిగింపు, తగ్గించాలి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుద్దని చాలామంది అంటారు, కాదమ్మా, స్ప్రింగ్ అదే, బండి నిలబడే ఎత్తే మారుద్ది.

మీ తాతయ్య నన్ను చిన్నప్పుడు షోలవరం ఎయిర్‌స్ట్రిప్ రేసులకి తీసుకెళ్ళేవాడు. అక్కడ ఒక మెకానిక్ గ్రీజు చేతులతోనే చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటా, ఒక్కసారికి ఒక్కటే మార్చి రైడర్ని మళ్ళీ పంపేవాడు. నువ్వూ అంతే, రీబౌండ్, అంటే నొక్కుకున్న సస్పెన్షన్ తిరిగి లేచే వేగం, ఒక క్లిక్ తిప్పినా రాయి, తిప్పాక ఎలా అనిపించిందో కూడా రాయి.

బ్రేక్ ఆయిల్ మార్చి ఏడాదిన్నర దాటింది, అది తేమ పీల్చుకుని ఉంటది, ఆ వేడికి మరిగితే లివర్ మెత్తబడిపోద్ది. అది మాత్రం ఈ వారమే మార్పించెయ్, డబ్బులు నేను పంపిస్తా. గేజ్ నా దగ్గరుంది, ఈసారి వచ్చేటప్పుడు తెస్తా.

బొబ్బలకి కొబ్బరినూనె రాయమంది అమ్మ.

నాన్న